మంచు ఎక్కడ ఎక్కువ కురుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పదకొండు చలికాలాలు గడిపాను. తెనాలి వెళ్ళిన ప్రతిసారీ చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న జీతం గురించి, రెండోది మంచు గురించి. మొదటిది ఎలాగూ దాటవేస్తాను కాబట్టి రెండోదానికి ఓపిగ్గా జవాబు చెప్పడం అలవాటైంది. వాళ్ళు అడిగినవీ, ఏటా ఆగస్టులో ఇక్కడికి చదువుకోవడానికి దిగే పిల్లలు అడిగేవీ కలిపి రాశాను.

ఒక్క ముక్కలో చెప్పండి. అన్నిటికంటే ఎక్కువ మంచు ఎక్కడ?

జనం కాపురాలుండే చోట్ల సంగతైతే జపాన్ పడమటి తీరం. కొండల సంగతైతే ఉత్తర అమెరికాలో పసిఫిక్ సముద్రానికి ఎదురుగా నిలిచిన కాస్కేడ్ శ్రేణి, అలాస్కా తీరపు పర్వతాలు. ఒకే చలికాలంలో కురిసిన మంచుకు ప్రపంచ రికార్డు వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్ దగ్గర ఉంది. 1998-99లో అక్కడ 1,140 అంగుళాలు, అంటే దాదాపు 29 మీటర్లు కురిసింది. తొమ్మిది, పది అంతస్తుల అపార్టుమెంటు ఎత్తు.

ఇవన్నీ మనిషి నిలబడి కొలిచిన చోట్ల లెక్కలని మాత్రం మరిచిపోకండి. దక్షిణ అమెరికా కొసన పటగోనియా హిమక్షేత్రాల మీద పడేదాన్ని రోజూ స్కేలు పట్టుకుని కొలిచే నాథుడు లేడు.

చలి ఎక్కువైతే మంచు ఎక్కువ పడాలి కదా? సైబీరియా, అంటార్కిటికా పేర్లు ఎందుకు చెప్పలేదు?

ఈ ఒక్క అపోహ వదిలితే మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే. మంచు కురవాలంటే చలి ఒక్కటే చాలదు, గాలిలో తడి ఉండాలి. గాలి వేడెక్కే ప్రతి డిగ్రీకీ అది మోయగలిగే నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. చల్లబడుతున్నకొద్దీ అదే లెక్కన తగ్గిపోతుంది. మైనస్ 40 డిగ్రీల గాలి బీద గాలి. ఇవ్వాలన్నా దాని దగ్గర నీళ్ళుండవు.

సైబీరియాలోని ఒయిమ్యకోన్‌లో 1933లో మైనస్ 67.7 డిగ్రీలు నమోదైంది. అంత చలిలోనూ అక్కడ మంచు మోకాళ్ళు దాటి పెద్దగా పేరుకోదు. దక్షిణ ధ్రువం దగ్గర ఏడాది మొత్తానికి చేరే మంచు సుమారు 20 సెంటీమీటర్లు. సిరక్యూస్‌లో అంత మంచు ఒక్క రాత్రిలో పడి, పొద్దున బడికి సెలవు కూడా ఇవ్వని రోజులున్నాయి. మరి అంటార్కిటికాలో కిలోమీటర్ల మందాన హిమం ఎలా వచ్చిందంటారా? పడిన కాస్తా కరగదు, లక్షల ఏళ్ళుగా ఒకదానిమీద ఒకటి పేరుకుంది. ఆదాయం తక్కువే, ఖర్చు అసలే లేదు.

భారీగా కురిసే చోట్ల ఉష్ణోగ్రత సున్నాకు కొద్దిగా కిందనే ఉంటుంది. దగ్గరలో గడ్డకట్టని నీళ్ళుంటాయి. ఆ తడిగాలిని పైకి నెట్టే కొండ ఉంటుంది. ఈ మూడూ ఒకచోట కలిస్తే ఇక ఆకాశానికి చిల్లు పడినట్టే.

జపాన్‌లో అంత మంచు ఎలా పడుతుంది? అది మరీ ఉత్తరాన కూడా లేదు కదా?

లేదు. ఆవోమోరి నగరం న్యూయార్క్, మాడ్రిడ్‌లు ఉన్న అక్షాంశం మీదే ఉంది. ఇబుకి పర్వతం ఇంకా దక్షిణాన, 35 డిగ్రీల దగ్గర, ఇంచుమించు మన శ్రీనగర్ వరసలో ఉంది. అయినా 1927 ఫిబ్రవరి 14న అక్కడ నేల మీద పేరుకున్న మంచు లోతు 1,182 సెంటీమీటర్లు. వాతావరణ కేంద్రంలో కొలిచిన మంచు లోతుల్లో ఇప్పటికీ ప్రపంచ రికార్డు అదే.

మహత్యమంతా మధ్యలో ఉన్న సముద్రానిది. చలికాలంలో సైబీరియా నుంచి ఎండుగాలి తూర్పుకు బయలుదేరుతుంది. జపాన్ సముద్రంలోకి దక్షిణం నుంచి సుషిమా అనే వెచ్చని ప్రవాహం వస్తుంది కాబట్టి నీళ్ళు గడ్డకట్టవు. గాలికీ నీటికీ మధ్య ఇరవై ముప్పై డిగ్రీల తేడా ఉంటుంది. చలి ఉదయాన చెరువు మీద ఆవిరి లేవడం చూసే ఉంటారు. ఇక్కడ సముద్రం మొత్తం అలా ఆవిరి కక్కుతుంది. ఉపగ్రహ చిత్రాల్లో ఆ మబ్బులు మగ్గం మీద పడుగు దారాల్లా వరసలుగా కనిపిస్తాయి. దాటి వచ్చేసరికి బీద గాలి కాస్తా సంపన్నమవుతుంది. ఎదురుగా దేశం పొడవునా వెన్నెముకలా కొండలు. పైకెక్కక తప్పదు, ఎక్కితే చల్లబడక తప్పదు, చల్లబడితే మోసుకొచ్చిందంతా కుమ్మరించక తప్పదు.

కొండ దాటాక ఏమవుతుంది? అవతల టోక్యోలో పొడి ఎండ, నీలాకాశం. పడమటి తీరంలోని నీగాట నుంచి టోక్యోకు రైల్లో వచ్చేవాళ్ళు పొడవాటి సొరంగంలోకి మంచులో దిగి ఎండలోకి తేలతారు.

నగరాల్లో మొదటి స్థానం దేనిది?

లక్షమందికి పైగా ఉండే నగరాల్లో ఆవోమోరికి సాటి రావడం కష్టం. ఏడాదికి సగటున ఆరు మీటర్ల అటూ ఇటూగా పడుతుంది. ఏ ముప్పై ఏళ్ళ సగటు తీసుకున్నారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. దాదాపు ఇరవై లక్షల జనాభా ఉన్న సప్పోరోలో సుమారు 4.8 మీటర్లు. అంత పెద్ద నగరం అంత మంచులో మెట్రో రైళ్ళు, ఆఫీసులు, బళ్ళు ఆపకుండా నడుపుకోవడం నాకు రికార్డులకంటే గొప్పగా అనిపిస్తుంది.

ఆవోమోరి ఊరి వెనక హక్కోద కొండల్లో సుకాయు అనే వేడినీటి ఊట ఉంది. అక్కడ ఏటా కురిసేది సగటున 17 మీటర్ల పైచిలుకు. 2013 ఫిబ్రవరి 26న నేల మీది మంచు 566 సెంటీమీటర్లకు చేరింది. అంత మంచు మధ్య పొగలు కక్కే నీళ్ళలో జనం స్నానాలు చేస్తారు.

అంత మంచులో మనుషులు ఎలా బతుకుతారు?

బరువు నుంచి మొదలుపెడదాం. కొత్తగా పడిన మంచు దూదిలా తేలికే. అదే కొన్నాళ్ళు అణిగి గట్టిపడితే ఘనపు మీటరు 300 కిలోలు తూగుతుంది. వంద చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద మీటరు ఎత్తున అలాంటి మంచు ఉందంటే 30 టన్నులు నెత్తిన పెట్టుకున్నట్టు. అందుకే జపాన్ పల్లెల్లో కప్పెక్కి మంచు తోయడం చలికాలపు తప్పని చాకిరీ. పల్లెల్లో మిగిలింది ముసలివాళ్ళు. జారిపడీ, కప్పు మీది నుంచి ఒక్కసారిగా జారిన మంచు కింద పడీ ఏటా పదుల సంఖ్యలో చనిపోతారు. పర్యాటకుల ఫొటోల్లో ఇది కనిపించదు.

షిరకావ గ్రామంలో పాత ఇళ్ళ కప్పులు నమస్కారం పెట్టిన చేతుల్లా నిటారుగా ఉంటాయి. మంచు నిలవకుండా జారిపోవడానికి అలా కట్టారు. రెల్లుగడ్డి కప్పిన ఆ ఇళ్ళు 1995లో యునెస్కో జాబితాలో చేరాయి. నాగఓక పట్టణంలో రోడ్డు మధ్య గొట్టాలు పాతి భూగర్భజలం చిమ్ముతారు. బావినీళ్ళు చలికాలంలో వెచ్చగా ఉంటాయని మన పల్లెల్లో అందరికీ తెలుసు. వాళ్ళు ఆ వెచ్చదనంతోనే మంచు కరిగిస్తారు. నీళ్ళలో ఇనుము ఉండటంతో ఆ రోడ్లన్నీ తుప్పు రంగు తేలి ఉంటాయి. మంచు పేరుకోకుండా ట్రాఫిక్ దీపాలను కూడా అడ్డంగా కాక నిలువుగా అమరుస్తారు. సప్పోరో ఉన్న ఉత్తరాది దీవి హొక్కైడోలో రోడ్ల పక్కన స్తంభాలకు ఎర్రటి, తెల్లటి బాణాలు కిందికి చూస్తూ వేలాడుతుంటాయి. రోడ్డు అంచు ఎక్కడో డ్రైవరుకు చెప్పేవి అవే.

కురిసిన మంచు, పేరుకున్న మంచు ఒకటి కాదా?

కాదు. వాట్సాప్‌లో తిరిగే పోలికలు సగం ఇక్కడే తప్పుతాయి. మౌంట్ బేకర్ 29 మీటర్లు చలికాలమంతా ఎప్పటికప్పుడు పడినదాన్ని కలిపిన మొత్తం. ఇబుకి 11.82 మీటర్లు ఒకరోజున నేల మీద నిలిచిన లోతు. ఒకటి ఏడాది జీతం, ఇంకొకటి బ్యాంకు నిల్వ. పడిన మంచు తన బరువుకే అణిగిపోతుంది, కొంత కరుగుతుంది. అందుకే నిల్వ ఎప్పుడూ తక్కువే.

కొలిచే పద్ధతి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. తెల్ల రంగు వేసిన చెక్కపలక ఒకటి ఆరుబయట పెడతారు. దాని మీద పడినదాన్ని స్కేలుతో కొలిచి, పలక తుడిచి మళ్ళీ పెడతారు. అమెరికా వాతావరణ శాఖ నియమం ప్రకారం ఆరు గంటలకు ఒకసారి కంటే ఎక్కువ తుడవకూడదు. గంటగంటకూ తుడిస్తే అణగడానికి వ్యవధి ఉండదు, మొత్తం అంకె ఉబ్బిపోతుంది. మంచు మారలేదు, మనిషి చెయ్యి ఎక్కువ ఆడింది, అంతే. దేశానికో పద్ధతి ఉంది కాబట్టి జపాన్ అంకెనూ అమెరికా అంకెనూ పక్కపక్కన పెట్టి పది సెంటీమీటర్ల తేడాకు వాదించుకోవడం దండగ.

అసలు లెక్క నీళ్ళది. పది అంగుళాల మంచు కరిగితే సుమారు అంగుళం నీళ్ళంటారు. పొడిమంచుకు ఇరవై అంగుళాలు కావాలి, తడిమంచుకు అయిదు చాలు. కాలిఫోర్నియా వాడే నీళ్ళలో దాదాపు మూడోవంతు సియెర్రా నెవాడా కొండల మంచు నుంచే వస్తుంది. అందుకే అక్కడ ఏటా ఏప్రిల్ మొదటి తేదీన మంచులో ఎంత నీరుందో కొలుస్తారు. 2015లో ఆ రోజున అది మామూలులో 5 శాతం. గవర్నరు వచ్చి మంచు ఉండాల్సిన చోట ఎండుగడ్డి మీద నిలబడ్డారు. 2023లో అదే రోజున మామూలుకు రెండు రెట్లు దాటింది. ఒక్క ఏడాది చూసి ప్రాంతాలకు ర్యాంకులు ఇవ్వకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. అక్కడ మంచే పడదంటాడు. మీరేమో వాషింగ్టన్ రాష్ట్రానిది రికార్డంటున్నారు?

ఇద్దరం నిజమే చెబుతున్నాం. సియాటిల్ సముద్రమట్టానికి దగ్గరగా ఉంది. పసిఫిక్ మీదుగా వచ్చే తడిగాలి అక్కడ సన్నటి వానగా, ముసురుగా కురుస్తుంది. అదే గాలి కాస్కేడ్ కొండలెక్కితే మంచు అవుతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున మీ అబ్బాయికి దూరంగా కనిపించే తెల్లటి శిఖరం మౌంట్ రేనియర్. నగరానికి వంద కిలోమీటర్ల లోపే. దాని ఒడిలో 1,646 మీటర్ల ఎత్తున ప్యారడైజ్ అనే చోటుంది. ఏడాదికి సగటున 16 మీటర్లు పడుతుంది. 1971-72లో 28.5 మీటర్లు పడి ప్రపంచ రికార్డయింది. పాతికేళ్ళ పైన నిలిచిన ఆ రికార్డును బద్దలుకొట్టింది అదే రాష్ట్రంలోని మౌంట్ బేకర్. ఇంటి దొంగ.

బఫెలోలో ఎక్కువా, సిరక్యూస్‌లో ఎక్కువా?

అడ్మిషను వచ్చిన పిల్లలు తప్పక అడిగేది ఇదే. రెండూ మా రాష్ట్రంలోవే. వార్తల్లో పేరు బఫెలోది, మంచు సిరక్యూస్‌ది. సగటున బఫెలోకు సుమారు 95 అంగుళాలు, మాకు 120 పైనే. 1992-93లో మాకు 192 అంగుళాలు పడింది. రాష్ట్రంలోని అయిదు నగరాల్లో ఏ ఏడు ఎవరికి ఎక్కువ పడితే వాళ్ళకు బంగారు మంచుముద్ద అనే సరదా బహుమతి ఉంది. ఎక్కువసార్లు గెలిచేది మేమే. గెలిచాక ఎవరూ సంబరపడరు.

ఇక్కడి సూత్రమూ జపాన్‌దే. కాకపోతే సముద్రం బదులు మంచినీటి సరస్సులు. కెనడా నుంచి వచ్చే చలిగాలి వెచ్చని సరస్సు మీదుగా దాటి ఒడ్డున కుమ్మరిస్తుంది. బఫెలో పక్కనున్న ఈరీ సరస్సు లోతు తక్కువ, సగటున 19 మీటర్లు. జనవరి, ఫిబ్రవరి నాటికి చాలాసార్లు గడ్డకట్టేస్తుంది. మూత పెట్టిన గిన్నె నుంచి ఆవిరి రాదు కదా, అప్పటి నుంచి బఫెలోకు కాస్త విరామం. మా ఒంటారియో సరస్సు లోతు సగటున 86 మీటర్లు. పూర్తిగా గడ్డకట్టడం అరుదు. దాంతో మాకు మార్చి దాకా తీరిక ఉండదు. మాకు ఉత్తరాన టగ్ హిల్ అనే పీఠభూమిది ఇంకో స్థాయి. 2007 ఫిబ్రవరిలో అక్కడి రెడ్‌ఫీల్డ్ ఊళ్ళో పది రోజుల్లో 141 అంగుళాలు పడింది.

ఈ సరస్సు మంచు పట్టీలుగా పడుతుంది. 2014 నవంబరులో బఫెలో దక్షిణ శివార్లలో అయిదడుగులు దాటితే, అదే నగరానికి ఉత్తరాన కొన్ని అంగుళాలే పడింది. ఎడ్లబండి ఒక ఎద్దు తడిసి, రెండో ఎద్దు తడవని వాన గురించి మా తాతయ్య చెప్పేవారు. ఇక్కడికొచ్చాక నమ్మాను.

నా మొదటి చలికాలం సంగతి ఒకటి చెప్పాలి. రాత్రంతా పడి పొద్దున అపార్టుమెంటు ముందు కార్లన్నీ ఒకే తెల్లటి దిబ్బల వరసగా మారాయి. నా కారు ఎడమ నుంచి నాలుగోదని లెక్కపెట్టుకుని, పార తీసుకుని నలభై నిమిషాలు తవ్వాను. నంబరు పలక బయటపడింది. నాది కాదు. పక్కింటి పెద్దావిడ కిటికీలోంచి చూసి థాంక్స్ అని చెయ్యి ఊపింది. అప్పటి నుంచి కారు అద్దం తుడిచే పుల్లలు రాత్రే పైకి లేపి ఉంచుతాను. దిబ్బలోంచి రెండు కొమ్ముల్లా పొడుచుకొచ్చి కనిపిస్తాయి.

ఒక్క రోజులో పడిన మంచు రికార్డు?

సాధారణంగా చెప్పుకునేది అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో సిల్వర్ లేక్‌ది: 1921 ఏప్రిల్ 14, 15 తేదీల్లో 24 గంటల్లో 75.8 అంగుళాలు, దాదాపు 1.93 మీటర్లు. ఇటలీలోని కప్రకోత్తలో 2015 మార్చి 5న 18 గంటల్లో 2.56 మీటర్లు పడిందని వార్తలొచ్చాయి కానీ దానికి అధికారిక గుర్తింపు లేదు.

మన దేశంలో ఎక్కడ ఎక్కువ? లడఖ్‌లోనా?

లడఖ్ అనుకోవడం సహజం, చలి అక్కడే ఎక్కువ. కానీ లేహ్‌లో వాన, మంచు అన్నీ కలిపి ఏడాదికి వంద మిల్లీమీటర్ల నీళ్ళే. కరువుకు మారుపేరైన అనంతపురానికి పడే వానలో అది ఐదో వంతు. మన చలికాలపు మంచు మధ్యధరా సముద్రం వైపు నుంచి వస్తుంది. వార్తల్లో పశ్చిమ అలజడులు అని వింటుంటారే, అవి ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా వచ్చి ముందు పీర్ పంజాల్ శ్రేణిని ఢీకొంటాయి. గుల్మార్గ్, సోనామార్గ్, రోహ్‌తంగ్ కనుమ వాటి దారిలోనివి. వెనక దాక్కున్న లేహ్‌కు మిగిలేది ఎండుగాలి. రోహ్‌తంగ్ ఏటా నెలల తరబడి మూసుకుపోయేది కాబట్టే కింద నుంచి 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తవ్వి 2020 అక్టోబరులో తెరిచారు.

కాశ్మీరీలు డిసెంబరు 21 నుంచి నలభై రోజులను చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల్లో పడిన మంచు కొండల మీద నిలిచి వేసవిలో చేలకు నీరవుతుంది, తర్వాత పడేది త్వరగా కరిగిపోతుంది. అందుకే 2024 జనవరి మొదట్లో గుల్మార్గ్ వాలు గోధుమరంగు గడ్డితో బోసిగా కనిపిస్తే పర్యాటకులకంటే రైతులు ఎక్కువ కంగారుపడ్డారు.

ఇంకో విచిత్రం: ఎవరెస్టు ప్రాంతంలో మంచు ఎక్కువగా పడేది చలికాలంలో కాదు, మన వానాకాలంలో. మనకు వానలిచ్చే రుతుపవనాలే అక్కడ మంచు కురిపిస్తాయి.

లంబసింగిలో మంచు పడుతుందంటారు కదా?

ఈ గందరగోళం మన భాషే తెచ్చిపెట్టింది. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనిపించకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. చింతపల్లి దగ్గర లంబసింగిలో డిసెంబరు, జనవరుల్లో మీరు చూసేది పొగమంచు. కొన్ని ఉదయాలు చలి బాగా పెరిగితే గడ్డి మీద నీటిబిందువులు తెల్లగా గడ్డకట్టవచ్చు. అది నేల దగ్గర పుట్టింది, ఆకాశం నుంచి కురిసింది కాదు. మన చలికాలంలో చలి ముదిరే రోజుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మబ్బు పడితే చలి తగ్గుతుంది. రెండూ కలవవు. వేసవి గాలివానల్లో పడే వడగళ్ళ దారి వేరు. అవి మంచు కిందికి రావు.

భూమి వేడెక్కుతోంది కాబట్టి మంచు తగ్గిపోతుందా?

చోటును బట్టి. సున్నా డిగ్రీల అంచున ఉన్న పల్లపు ప్రాంతాల్లో మంచు వానగా మారుతోంది, జపాన్ తీర మైదానాలు అందుకు ఉదాహరణ. ఇంకా చలి మిగిలిన ఎత్తులో మాత్రం వేడెక్కిన సముద్రం ఎక్కువ తడి పంపితే, ఒక్కో దెబ్బకు పడేది పెరగవచ్చు. మా సరస్సులూ అంతే. గడ్డకట్టడం ఆలస్యమయ్యేకొద్దీ ఆవిరి లేచే రోజులు పెరుగుతాయి. మొత్తం మీద మంచు నిలిచి ఉండే కాలం మాత్రం తగ్గుతోంది.

చూడటానికి వెళ్ళాలంటే ఎక్కడికి, ఎప్పుడు?

కురుస్తుండగా చూడాలంటే జనవరి చివర, ఫిబ్రవరిలో గుల్మార్గ్ లేదా సప్పోరో. సప్పోరోలో ఫిబ్రవరిలో మంచుశిల్పాల ఉత్సవం ఉంటుంది. పేరుకున్నది చూడాలంటే జపాన్‌లోని తతెయామ. అక్కడ 2,450 మీటర్ల ఎత్తున ఉన్న మురోదో దగ్గర ఏప్రిల్‌లో రోడ్డు తవ్వి తెరుస్తారు. రెండు పక్కలా మంచు గోడలు కొన్నేళ్ళు 20 మీటర్ల దాకా లేస్తాయి. మధ్యలోంచి బస్సు వెళుతుంటే బస్సు బొమ్మలా ఉంటుంది. చలికి భయపడేవాళ్ళయితే జూన్‌లో మౌంట్ రేనియర్ వెళ్ళండి. ప్యారడైజ్‌లో అప్పటికీ మంచు మిగిలే ఉంటుంది. పైన ఎండ మాడుస్తుంది, కాబట్టి చలికోటు కంటే నల్లకళ్ళద్దాలు ముఖ్యం. చెప్పులతో మాత్రం వెళ్ళకండి, మా బావగారు వెళ్ళారు.